తోడెవరని అడిగే దేశం

చూడని హాలు

ట్రావెల్స్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, ఇంతమందిని పంపించారు కదా, మీరు ఎన్ని దేశాలు చూశారు?" ఒక్కటీ చూడలేదు నాయనా. బెంగళూరు దాటి నేను ఎక్కడికీ పోలేదు. నా పాస్‌పోర్టు ఖాళీగానే పుట్టి ఖాళీగానే గడువు తీరిపోయింది.

అయినా ఆ దేశాల గుమ్మాలు నాకు బాగా తెలుసు. తొంభైల్లో మా ఆఫీసు స్టేషన్ రోడ్డులో మేడమీద ఒక చిన్న గది. మధ్యాహ్నం పూట కింద మండీల నుంచి చింతపండు వాసన, ఎండుమిరపకాయల ఘాటు కలిసి పైకి వచ్చేవి. ఫ్యాను నిదానంగా తిరుగుతుంటే, ఎదురుగా కూర్చున్న మనిషికి జవాబులు నేర్పుతూ నేర్పుతూ నేను ఆ హాల్లోకి వెళ్లిపోయేదాన్ని. నున్నటి రాతి నేల. ఒళ్లు జలదరించే చలి. పొడుగాటి వరస. చివర్లో గాజు, దాని వెనక ఒక ఆఫీసరు. పోయినవాళ్లు రాసిన ఉత్తరాల్లోంచి కొంత, తిరిగొచ్చినవాళ్ల కబుర్లలోంచి కొంత తీసుకుని నేనే కట్టుకున్న హాలు అది.

కలల్లో కూడా అదే వచ్చేది. అక్కడ వరసలో ఎప్పుడూ నేను ఉండేదాన్ని కాదు, నేను పంపినవాళ్లు ఉండేవాళ్లు. ఆఫీసరు ఏదో అడుగుతాడు. వాళ్లు జవాబు తెలియక వెనక్కి తిరిగి నా కోసం చూస్తారు. నాకేమో గొంతు పెగలదు. ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. మా ఆయన "మళ్లీ ఏ దేశం పోయొచ్చినావు?" అని నవ్వేవారు.

ప్రశ్నకు కథ

ఈ ఉద్యోగమంటే టికెట్లు చేయడం, ఫోటోలు అంటించడం అని మీరు అనుకుంటున్నారు. ఆ పని ఎవరైనా చేస్తారు. తలుపుల ఊరి నుంచో రొద్దం నుంచో బస్సు దిగి వచ్చిన మనిషిని, ఆ గాజు ముందు వణక్కుండా నిలబడేలా తయారు చేయడం అసలు పని. అందుకే నేను బల్లకు అటువైపు కూర్చుని ఆఫీసరు వేషం కట్టేదాన్ని. ముఖం గంటు పెట్టుకుని ప్రశ్నలు వేసేదాన్ని. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

ఆమడగూరు రైతు ఒకాయన కువైట్‌కు తోటపనికి పోతున్నాడు. "ఏం పనికి వచ్చావు?" అని గద్దించాను.

"ఏం చెప్పమంటావు మేడం, బోరు ఏసినాం, నీళ్లు పడలే. మా బామ్మర్ది ఉండాడే, వాడు ఇంగో సోట ఏయమన్యాడు. ఆడా పడలే..."

"అయ్యా, ఆగు. తోటపని అని చెప్పు, చాలు."

ఆయన నా వంక తెల్లబోయి చూశాడు. "అంతేనా? మనిషి ఇంత దూరం నుంచి వస్తే అంతేనా వాళ్లు అడిగేది?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు పాపం. మనవాళ్లను ఒక ప్రశ్న అడిగితే కథ చెబుతారు. వాళ్ల కథను ఒక్క మాటకు కుదించడం నేర్పాలి, నేర్పేటప్పుడు ఆ కథ మీరైనా పూర్తిగా వినాలి. వినకుండా నేర్పితే వాళ్లకు అది పట్టుబడదు. నేను నేర్చుకున్నది ముందుగా ఇదే.

బాషాసాబు పుట్టించిన అన్నదమ్ములు

మా యజమాని బాషాసాబు మంచివాడు. ముందే చెబుతున్నాను, తర్వాత నేను చెప్పేది విని ఆయన్ను దొంగ అనుకోకండి. జీతం ఏనాడూ ఆపలేదు. నాకు ఒంట్లో బాగాలేకపోతే వాళ్ల ఇంటి నుంచి గంజి వచ్చేది.

గల్ఫ్ ఉద్యోగాలతో పాటు మేము మక్కా యాత్రకు కూడా మనుషులను పంపేవాళ్లం. ఆ దేశం నియమం ఆ రోజుల్లో చాలా గట్టిది. ఆడమనిషి ఒంటరిగా రాకూడదు. మొగుడో, తండ్రో, కొడుకో, తోడబుట్టినవాడో, మరెవరైనా పెళ్లాడే వరస కాని మగతోడో పక్కన ఉండాలి. మరి భర్త పోయి, పిల్లలు లేని ఆడవాళ్లు ఏం చేయాలి? ఎన్నో ఏళ్లు పైసా పైసా కూడబెట్టుకుని మా మెట్లెక్కి వచ్చేవాళ్లు. తోడు ఎవరమ్మా అని అడిగితే తల దించుకునేవాళ్లు.

అప్పుడు బాషాసాబు వాళ్లకు అన్నదమ్ములను పుట్టించేవాడు. అదే గుంపులో ఒంటరిగా పోయే మగాయన్ను ఎవరినో చూసి, ఈమెకు అన్న అని రాయించేవాడు. పుణ్యానికే చేస్తున్నానని ఆయన నమ్మకం. నేను కూడా మొదట్లో పోనీలే, ముసలమ్మ పోయొస్తుంది అనుకున్నాను. అలా పోయొచ్చిన ఒకామె ఖర్జూరాలు తెచ్చి ఇచ్చింది. బాగా జరిగిందా అని అడిగితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం బాగ జరగల్లమ్మా. దేవుని ముందర నిలబడుకోని కూడా, ఆయప్ప నాయన పేరు మర్చిపోకుండా గెవనం పెట్టుకోవల్లనే సరిపాయ" అంది. యాత్ర మొత్తం ఆమెకు అదే భయం, ఎవరైనా ఆపి మీ అన్న తండ్రి పేరేమిటని అడుగుతారేమో అని. ఆ ఖర్జూరాలు నేను తినలేకపోయాను.

పెనుకొండ నుంచి వచ్చినామె

ఖాసింబీ వచ్చింది ఆ తర్వాతే. పెనుకొండలో కోట కింద వీధిలో ఉండేది. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. భర్త పోయాక కూడా ఆమె ఆ పని మానలేదు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. కొంగు దులుపుకుంటే సన్నటి దూది లేచి ఫ్యాను గాలికి గదంతా తేలేది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ నూగు మా ఇద్దరి మధ్యా ఎండలో తిరుగుతూ ఉండేది, చూస్తూ ఉంటే నాకు కళ్లు మూతలు పడేవి. ఆమెకు ఉర్దూ రాదు. నమాజులో చదివేవి నోటికి వచ్చు, మిగిలిందంతా తెలుగే.

"మక్కాకు పోవల్ల తల్లీ. పానం గట్టిగా ఉన్నప్పుడే పోయిరావల్ల" అంది.

"తోడు ఎవరమ్మా?"

"నా కొడుకు ఉండాడు కదా. వాడే పిల్చుకపోతాడు."

హమ్మయ్య, ఈమెకు కొడుకు ఉన్నాడు అనుకున్నాను. "పేరు చెప్పు."

"నరసింహులు."

నేను రాయడం ఆపాను. "నీ కొడుకు పేరు నరసింహులా?"

"ఔ. ధర్మవరంలో మగ్గం నేస్తాడు. పట్టుచీరలు. వాని చెయ్యి పడితే అంచు ఎంత బాగుంటాదో" అని మొదలుపెట్టింది.

కథను ఆపకూడదని నాకు తెలుసు కాబట్టి విన్నాను. పెళ్లయిన కొత్తలో వాళ్ల కాపురం ధర్మవరంలో, నేతగాళ్ల వీధి చివర. ఖాసింబీకి ఆడపిల్ల పుట్టి కొద్ది రోజులకే పోయింది. అదే నెలలో పక్కింటి నేతగాడి భార్యకు మగపిల్లవాడు పుట్టాడు. ఆ తల్లికి కాన్పు జ్వరం ముదిరింది. పోయే ముందు ఖాసింబీని పిలిపించి పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టింది. కదిరి స్వామికి మొక్కుకున్న పిల్లవాడు, నరసింహులు అని పిలవమని చెప్పి కళ్లు మూసింది. వాడు నడిచి, పరిగెత్తేదాకా ఖాసింబీ పాలే తాగాడు. తర్వాత ఖాసింబీ వాళ్లు పెనుకొండకు మారారు. వాడు తండ్రి దగ్గరే మగ్గం నేర్చుకున్నాడు. కానీ వారం తిరిగేసరికి ప్యాసింజరు రైలెక్కి పెనుకొండలో దిగేవాడు. అమ్మా అనే పిలిచేవాడు.

"అమ్మా, అంతా బాగుంది. కానీ ఆ ఊళ్లోకి ముస్లిములు కానివాళ్లను రానివ్వరు" అన్నాను.

"వాడు నా కొడుకు కదమ్మా?"

"నీ కొడుకే. కానీ..."

"నాకు ఆ ఆలోచనే రాలేదు సూడమ్మా" అంది. అంతే అంది. ఇన్నేళ్లు కొడుకు కొడుకు అనుకుంటూ వచ్చిన మనిషికి, వాడు వేరే దేవుడి మనిషి అన్న సంగతి ఒక దేశం గుమ్మం దగ్గర అడ్డొస్తుందని తోచనే లేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు, జాలి కూడా కాదు. ఆ సంగతి ఆమె నోట వినడం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కొడుకు అడిగిన మాట

బాషాసాబు అంతా విన్నాడు. "పాలిస్తే కొడుకే. మా దాంట్లో అది గట్టి బంధం. కానీ లోపలికి మాత్రం పోనీరు. ఏమీ కాదులే అక్కా, కదిరాయన ఒకాయన ఒంటరిగా పోతాండాడు. నీకు అన్న అని రాద్దాం" అన్నాడు.

"దేవుని ఇంటికి పోతా పోతా లేని అన్నను పుట్టించుకోమంటావా సాబూ?"

"అందురూ చేసేదే కదక్కా."

"అందురికీ కొడుకు లేడేమో. నాకు ఉండాడు" అంది ఖాసింబీ.

మర్నాడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, సన్నగా, నుదుట కుంకుమ బొట్టుతో. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడాలో అంతా రైల్లో అనుకుని వచ్చినట్టున్నాడు, గడగడా అన్నాడు.

"మేడం, నేను మీ దాంట్లోకి... అంటే సాబు వాళ్ల దాంట్లోకి కలిస్తే పోనిస్తారు కదా? కలిమా చెప్తా. పేరు గూడా మార్చుకుంటా. రహీం అనో కరీం అనో పెట్టండి. అమ్మను పిల్చుకపోయి పిల్చుకొస్తా."

బాషాసాబు కళ్లజోడు తీశాడు. నేను ఏదో అనబోయేలోపే ఖాసింబీ లేచింది. అంత కోపం నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"నోరు మూయ్ రా! మనసులో నమ్మకం పుట్టి నువ్వు వస్తే అది వేరే. నాకు టికెట్టు దొరకల్లని వస్తావా? అట్ల వస్తే మా దేవుడు సంతోసపడతాడా?" వాడి వైపు వేలు చూపింది. "మీయమ్మ ఆ పేరు పెట్టి నిన్ను నా ఒళ్లో ఏసింది. ఆ పేరు పెట్టి పిల్చుకుంటానే పాలిచ్చినా. ఇప్పుడు నేను ఒక ఊరు సూడల్లని ఆ పేరు తీసి పారేస్తే, రేపు పైన మీయమ్మ ఎదురొస్తే ఏం జవాబు చెప్పల్ల నేను?"

"ఇంగెట్ల పోతావమ్మా మరి?" వాడి కళ్లు నిండాయి. "నా వల్లే కదా నువ్వు పోలేకపోయేది."

"నీ వల్ల కాదు. పోకపోతే పోనీ. పా, బండికి టైమాయ."

ఇద్దరూ మెట్లు దిగిపోయారు. పై నుంచి చూస్తూ నిలబడ్డాను. వాడు గొడుగు ఆమె మీదికి పట్టి తను ఎండలో నడుస్తున్నాడు. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. బతుకంతా కోరుకున్నది అంత సులభంగా వదిలేసి పోతున్న మనిషిని చూసి నేను ఏడ్చాను. ఆ గుంపులో ఇంకా ఇద్దరు ఒంటరి ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు అన్నదమ్ములను వెతకమని మాత్రం బాషాసాబు నాకు ఆ రోజు చెప్పలేదు.

నేతవీధి సాక్షులు

తర్వాత చాలా కాలం నా కలలోని హాలు మారిపోయింది. వరస ఉండేది కాదు. ఖాసింబీ ఒక్కతే నడిచి పోతూ ఉండేది, ఆమె కొంగు నుంచి దూది రాలి ఆ నున్నటి నేల మీద తెల్లగా పరుచుకునేది. గాజు దాకా చేరేది కాదు. ఎంత నడిచినా గాజు అంత దూరంలోనే ఉండేది. అది భయపెట్టే కల కాదు, మెలకువ వచ్చాక కూడా ఆమె ఇంకా నడుస్తూనే ఉందేమో అనిపించేది.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒకనాడు మాకు కొత్త సంగతి తెలిసింది. వయసు పైబడిన ఆడవాళ్లు గుంపుతో కలిసి పోవచ్చు, తోడు లేకపోయినా సరే, మా ఇష్టంతోనే పంపుతున్నాం అని కొడుకో అన్నదమ్ముడో సంతకం పెట్టి ఇస్తే చాలు. నేను ఆ పూటే రైలెక్కి పెనుకొండకు పోయాను.

బాషాసాబు ముందే హెచ్చరించాడు. "కొడుకు పేరు నరసింహులు అని ఉంటే పక్కన పడేస్తారు విమలా. రహీం అని పెట్టించు. సంతకమే కదా, ఎవరొచ్చి సూస్తారు?" ఆయన మాట ఆయన మాటగానే ఖాసింబీకి చెప్పాను. ఆమె సూది దించకుండానే, "వాని పేరుతోనే పంపమ్మా. తిరుక్కొస్తే రానీ. ఒకసారి వద్దనుకున్నోళ్లమే కదా" అంది.

కొడుకేనని రుజువు కావాలి కదా. హిందూపురంలో పెద్ద వయసు కాజీగారు ఉండేవారు. ఆయన దగ్గరికి పోయాం. ఎంత వయసు దాకా తాగాడు, ఎన్నాళ్లు, చూసినవాళ్లు ఎవరు అని అడిగారాయన. ఖాసింబీ ధర్మవరం నేతవీధి నుంచి ఇద్దరు ముసలమ్మలను తెచ్చింది. ఇద్దరూ ఆ రోజుల్లో ఆ నేతగాడి ఇంటికి దారం కండెలు చుట్టినవాళ్లు.

"మీరు కళ్లారా చూశారా?" అన్నారు కాజీగారు.

"ఏమప్పా ఇట్ల అడుగుతావు?" అని ఒకామె విసుక్కుంది. "దినామూ మా ఎదురుగానే కదా తాగింది. కడుపు నిండకపోతే వీడు యాడిసే యాడుపుకు మగ్గాలు ఆపుకోవల్సొచ్చేది."

"పండ్లు వచ్చినాక కొరికేవాడు గూడా. అయినా మానిపించలేదు ఆ పిచ్చిది" అంది రెండో ఆమె.

నరసింహులు సిగ్గుతో గోడవైపు తిరిగాడు. కాజీగారు గడ్డం వెనక నవ్వు దాచుకుని, ఇతను ఈమెకు కొడుకే అని రాసి ముద్ర వేశారు. దాని కింద నరసింహులు తన పేరు పూర్తిగా, నిదానంగా రాశాడు.

వీసాకు కాగితాలు పంపించాక నాకు అన్నం సయించలేదు. ఏ రోజు తపాలా వచ్చినా ముందు ఆ కవరు కోసమే వెతికేదాన్ని. మీరు ఒకటి గుర్తుపెట్టుకోండి. అబద్ధం రాసి పంపిన రోజుల్లో నేను హాయిగానే నిద్రపోయాను, పట్టుబడేది మనం కాదు కదా అని. నిజం రాసి పంపినప్పుడే భయం వేసింది. అది తిరిగొస్తే ఇంక చెప్పుకోవడానికి మరో మాట ఉండదు.

వీసా వచ్చింది. ఒక్క ప్రశ్న కూడా లేకుండా, అందరితో పాటు మామూలుగా వచ్చింది. బాషాసాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేండ్లు మనం ఎవరికి భయపడినాం విమలా?" అన్నాడు. ఆ తర్వాత మా ఆఫీసులో ఎవరికీ కొత్త అన్నదమ్ములు పుట్టలేదు. దానివల్ల కొందరు వేరే ఆఫీసులకు పోయారు. పోనీలెమ్మన్నాడు.

బయట

బెంగళూరులో విమానం మధ్యాహ్నం. నేను కూడా వెళ్లాను. గుంపులో ఆడవాళ్లు అందరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నట్టు నిలబడ్డారు. నరసింహులు ఆమె సంచి గేటు దాకా మోశాడు. అక్కడ టికెట్టు లేనివాళ్లను ఆపేశారు. వాడు సంచి ఆమె భుజానికి తగిలించి, కాళ్లకు మొక్కాడు. ఆమె "పొద్దున్నే అంబలి తాగుతా ఉండు, వట్టి కడుపుతో మగ్గం ఎక్కద్దు" అంది. ఇంకేమీ చెప్పకుండా లోపలికి నడిచింది, వెనక్కి చూడలేదు. విమానం పోయిందని బోర్డు మీద వచ్చాక కూడా వాడు గేటు దగ్గర నుంచి కదల్లేదు. పోదాం పద అంటే, "మీరు పోండి మేడం, నేను కొంచేపు ఈడనే ఉంటా" అన్నాడు. నేను వాణ్ణి అక్కడే వదిలి వచ్చాను.

తిరిగొచ్చాక ఖాసింబీ ఆఫీసుకు వచ్చింది. ముఖం ఎండకు కమిలింది, మోకాళ్లు వాచాయి, మనిషి మాత్రం తేలిగ్గా ఉంది. నేను ఆత్రంగా హాలు గురించి అడిగాను. నేల నున్నగానే ఉందంట, చలి కూడా నిజమేనంట. ఆఫీసరు మాత్రం ఏమీ అడగలేదంట, ముఖం చూసి ముద్ర కొట్టి పంపించాడంట. నేను నేర్పిన జవాబులన్నీ దండగయ్యాయి.

"అక్కడ ఏం మొక్కుకున్నావమ్మా?" అని అడిగాను.

ఆమె తన అరచేతులు చూసుకుంది.

"నాకు అరబ్బీలో అడిగేకి రాదు కదమ్మా, తెలుగులోనే అడిగినా. నాకోసరం ఏమీ అడగలేదు. అల్లా, నా కొడుకును నీ వాకిలి దాకా గూడా రానీలేదు వీళ్లు, వాడు ఆడనే బయట నిలబడుకోనుండాడు, నువ్వే ఒక్కసారి లేసి బయటికొచ్చి వాన్ని సూసిపో అన్యా."